చేతులు ఖాళీ లేనివాళ్ళ గ్రూపు

పిన్ని మధ్యాహ్నం షిఫ్టుకని వచ్చేసరికి వాచ్‌మన్ గేటు సగమే తెరిచి, ఆ సగానికి తనే అడ్డంగా నిలబడ్డాడు.

“ఇవాళ నీది పొద్దుటి షిఫ్టు కదమ్మా. అయిపోయింది.”

“ఎవరన్నారు? ఈ వారమంతా నాకు మధ్యాహ్నమేగా.”

“నిన్న మార్చారు. గ్రూపులో పెట్టారు. ప్రెస్సు వాళ్ళంతా చూసుకుని వచ్చారు, నువ్వు తప్ప.”

టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి కుళాయి దగ్గరికొచ్చిన మడతపిల్ల ఆ మాట విని ఆగిపోయింది. ఆ లాండ్రీలో ఆస్పత్రి దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు ఉతుకుతారు. ఇస్త్రీ చేసే ప్రెస్సు మిషను కిందనుంచి వేడివేడిగా వచ్చినవాటిని మడిచే బల్ల దగ్గర అందరికంటే చిన్నది కాబట్టి ఆమెకు ఆ పేరు. పెట్టింది ఉతికేచోట పనిచేసే, నోరు మూతపడనందుకు అందరూ రేడియో అని పిలిచే ఆమె. “ఈ పిల్లకి నోట్లో నాలుకుందో లేదో పళ్ళ డాక్టరే చెప్పాలి” అన్నది కూడా రేడియోనే. పొద్దుట్నుంచీ పిన్ని ప్రెస్సు దగ్గర కనపడకపోతే, ఒంట్లో బాగాలేదేమో అనుకుంది తప్ప మడతపిల్ల ఎవరినీ అడగలేదు. అడగడం ఆమెకు చేతకాని పనుల్లో మొదటిది.

పిన్ని అంటే ఆమె తల్లికి సొంత చెల్లెలు. ఈ పనిలో పెట్టింది ఆవిడే.

పిన్ని ఫోన్ తీసి గ్రూపు తెరిచింది. కుడిచేతికి కట్టు ఉండడంతో ఎడమచేతి బొటనవేలితో కిందికీ పైకీ తోసింది. రెండు రోజుల కింద ఆగిపోయింది గ్రూపు. చివర్న బూడిదరంగులో చిన్న అక్షరాలున్నాయి. వాటిని మడతపిల్లకు చూపించింది.

“ఏంటే ఇది? నాకు అద్దాల్లేవు.”

“నిన్ను తీసేశారు పిన్నీ.”

దాని పైన ఉండాల్సిన ఫోటో లేదు. ప్రెస్సు వేడి పలకలు చేతులమీద పడకుండా ముందు ఒక ఇనప కమ్మీ అడ్డుంటుంది. అది విరిగిపోయి చాలా రోజులైంది. మూడుసార్లు నోటితో చెప్పి, చెయ్యి కాలాక నాలుగోసారి పిన్ని ఆ విరిగిన కమ్మీకి ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. ‘ఇది బాగుచేయించండి సార్’ అని గొంతుతో చెప్పింది కూడా. ఇప్పుడు ఫోటో లేదు, గొంతూ లేదు, మనిషీ లేదు.

మేనేజరు గది దాకా పిన్ని వెనకాలే వెళ్ళింది మడతపిల్ల. గుమ్మం బయట నిలబడింది.

“గ్రూపు చూసుకోవడం మీ పనే కదా అమ్మా. నేను ఇంటింటికీ వచ్చి చెప్పలేనుగా,” అన్నాడు మేనేజరు, కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండా.

“నన్ను అందులోంచి తీసేశారు సార్.”

“అది పని గ్రూపు. హోటలు వాళ్ళు కూడా ఉన్నారు దాంట్లో. కాలినవీ విరిగినవీ పెడితే మన పరువేం కావాలి?”

“పోనీ మళ్ళీ చేర్చండి. ఇంకెప్పుడూ పెట్టను.”

“చూద్దాం. ఇది మీకు రెండో గైర్హాజరు. మూడోది పడితే నా చేతుల్లో ఏం ఉండదు, ముందే చెప్తున్నా.”

అన్నీ నీ చేతుల్లోనే ఉన్నాయి, అనుకుంది మడతపిల్ల. తీసెయ్యడానికి నీ చేతుల్లోనే ఉంది, చేర్చడానికి మాత్రం లేదు. ఆ మాట గొంతు దాకా వచ్చి, అక్కడ కాసేపు నిలబడి, మళ్ళీ కిందికి దిగిపోయింది. ఆ పూట ఆమె మడిచిన దుప్పట్ల అంచులు కత్తితో కోసినట్టు వచ్చాయి.

*

“మేనేజరు తీసెయ్యలేని గ్రూపా? ఇన్నాళ్ళకి అడిగావు మరదలా,” అన్నాడు బావ, అక్క భర్త.

బావ కాలేజీలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. మిగిలిన సమయమంతా ఒక యాప్ కోసం పెడతాడు. దేశదేశాల్లో ఉన్న ఎవరెవరో జీతం లేకుండా కలిసి రాస్తున్న యాప్ అది. మామూలుగా అయితే ఆ ప్రస్తావన రాగానే అక్క వంటింట్లోకి లేచిపోతుంది. ఇవాళ కూర్చుంది, పిన్ని సంగతి కాబట్టి.

“అందరి ఫోన్లలో ఉండే ఆ యాప్ ఒక కంపెనీది. మీరంతా వాళ్ళింట్లో అద్దెకున్నట్టు లెక్క. అందులో మళ్ళీ మేనేజరు గది. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాల్సిందే. ఇది అలా కాదు. ఎవరి సొత్తూ కాదు. ఎలా చేశారో మొత్తం బయటే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు. మీ గ్రూపుని నా గదిలో ఉన్న పాత కంప్యూటర్లో పెడతాను. ఎవడూ ముట్టుకోలేడు.”

“నేను దాని తీగ పీకి ఇస్త్రీపెట్టె పెట్టుకుంటే మీ గ్రూపు మొత్తం మూర్ఛపోతుందన్నమాట,” అంది అక్క.

“అందుకే ఇంకోచోట కూడా నకలు పెడతాను. నీ ఇస్త్రీ సంగతి నాకు తెలీదా?”

మర్నాడు మధ్యాహ్నం తిండి విరామంలో కుళాయి పక్క రేకుల కింద ఆడవాళ్ళు పదిమంది దాకా పోగయ్యారు. మడతపిల్ల ఒక్కొక్కరి ఫోన్ తీసుకుని కొత్త యాప్ ఎక్కించడం మొదలుపెట్టింది. అరచేతిలో వైకుంఠం అని బావ చెప్పినది, వాకిట్లోనే చెమటలు పట్టించింది. ముందు ఏ ఊరి కంప్యూటరు కావాలని అడిగింది. పేరు పెట్టుకోమంది, ఆ పేరు ఇంకెవరికో ఉందంది. పొడుగాటి రహస్య మాట ఒకటి ఇచ్చి, ఇది పోగొట్టుకుంటే పాత సంగతులన్నీ పోతాయని బెదిరించింది.

“పాత సంగతులు పోతే మంచిదేగా. మా ఆయన పెళ్ళినాటి మాటలన్నీ పోతాయి,” అంది రేడియో.

తరువాత బొమ్మలు వచ్చాయి. మాట్లాడే మనిషి ఆ మనిషేనా కాదా అని తేల్చుకోవడానికి ఇద్దరి ఫోన్లలోనూ ఒకే వరస బొమ్మలు వస్తాయి. ఒకరు చదవాలి, రెండోవాళ్ళు సరిచూసుకోవాలి.

“నాకు తాబేలు వచ్చింది. నీకు?”

“నాకూ తాబేలే వదినా. తర్వాత గొడుగు.”

“గొడుగు, గడియారం, ఏనుగు. ఇంతోటి సంబంధానికి ఇన్ని బొమ్మలా? పెళ్ళికి కూడా ఇంత చూసుకోలేదమ్మా మావాళ్ళు.”

అందరూ నవ్వారు, మడతపిల్ల తప్ప. విరామం అయిపోవస్తోంది, ఇంకా సగంమంది ఫోన్లు మిగిలాయి. హోటలు దుప్పట్ల వైపు పనిచేసేవాళ్ళు అసలు రామన్నారు. “అక్కడ ఎవరున్నారని? నా కూతురు లేదు, మా తోటికోడలు లేదు, పాలవాడు లేడు. ఖాళీ ఇంట్లో కాపురం పెట్టమంటే ఎలా?” అందొకామె. మడతపిల్ల నోటిదాకా వచ్చిన మాటను మింగి తర్వాతి ఫోన్ అందుకుంది.

సాయంత్రానికల్లా కొత్త గ్రూపుకి అందరూ ‘బావ యాప్’ అని పేరు పెట్టేశారు. “మీ బావ యాప్ మా ఆయనకంటే నెమ్మదే పిల్లా, పిలిస్తే పలకదు” అని రేడియో గొంతు మొదటగా వినపడింది అందులో.

*

లాండ్రీలో ఎవరూ చదవరు, వింటారు. ఉతికేచోట చేతులకు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. ప్రెస్సు దగ్గర మందపాటి గుడ్డ తొడుగులు. ఫోన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి కిటికీ గట్టు మీద ఆనించి, తొడుగులు వేసుకోబోయే ముందు ఒకసారి నొక్కి వదిలేస్తారు. పాత యాప్‌లో అయితే ఒకరి మాట అయిపోగానే తర్వాతి వాళ్ళ మాట దానంతటదే మొదలయ్యేది. రేడియో కోడలి సంగతీ, ఎవరికో వచ్చిన జ్వరం సంగతీ, షిఫ్టు మారిన సంగతీ వరసగా చెవిన పడుతుంటే చేతులు తమ పని తాము చేసుకుపోయేవి. ఇది ఎంత పెద్ద సౌకర్యమో అది ఉన్నన్నాళ్ళూ ఎవరూ గమనించలేదు.

ఆస్పత్రి బండి రాకపోకల్ని బట్టి షిఫ్టులు మారుతుంటాయి. ఆ రోజు మడతపిల్ల ఇంటికి చేరాక మేనేజరు పాత గ్రూపులో పెట్టాడు: ప్రెస్సు వాళ్ళు రేపు పొద్దుటికే రావాలి. పిన్ని ఆ సమయానికి పనిలో ఉంది. మడతపిల్ల బావ యాప్ తెరిచి, తన గొంతు తనకే వినపడనంత మెల్లగా, “పిన్నీ, రేపు నీకు పొద్దుటి షిఫ్టు” అని చెప్పింది. పక్కన చిన్న గుర్తు పడింది. చూసినట్టు గుర్తు. ఆమె నిశ్చింతగా ఫోన్ పక్కన పెట్టింది.

మర్నాడు ప్రెస్సు దగ్గర పిన్ని లేదు.

మధ్యాహ్నానికి ఆవిడ ఎప్పట్లాగే డబ్బా పట్టుకుని వచ్చింది. ఈసారి వాచ్‌మన్ గేటు సగం కూడా తెరవలేదు. కన్ను ఎత్తకుండా, “ఇంక రావద్దన్నారమ్మా” అన్నాడు.

పిన్ని గోడకు ఆనుకుని నిలబడి ఫోన్ మడతపిల్ల చేతికిచ్చింది. “నువ్వు చెప్తానన్నావుగా. ఇంటికెళ్ళాక కూడా చూశా. కొత్త మాట వచ్చినట్టు చుక్క కూడా లేదు, గంటా మోగలేదు.”

మడతపిల్ల తెరిచి చూసింది. తన మాట అక్కడే ఉంది. ఎవరూ వినలేదు. దానిపైన రేడియో మాట. నిన్న సాయంత్రం పిన్ని రేడియో మాట నొక్కి, తొడుగులు వేసుకుని ప్రెస్సు కిందికి దుప్పటి తోసింది. రేడియో నవ్వు అయిపోయింది. తర్వాత మడతపిల్ల మాట వచ్చి, నొక్కేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ మౌనంగా కూర్చుంది. గ్రూపు తెర మీద తెరిచే ఉంది కాబట్టి యాప్ అది చూసేసినట్టే లెక్క వేసింది. పక్క ప్రెస్సుల వాళ్ళు తమకి తెలిసింది పిన్నికీ తెలుసనుకున్నారు. గ్రూపులో లేని మనిషి లేదని ఎవరికి గుర్తుంటుంది?

పిన్ని కట్టు విప్పి మళ్ళీ కట్టుకుంది. ఏడవలేదు. “గోరుచుట్టు మీద రోకటిపోటు” అంది అంతే. ఏడిస్తే బాగుండుననిపించింది మడతపిల్లకి.

*

“అది లోపం కాదు,” అన్నాడు బావ. “అలానే చేశారు. దానంతటది మోగితే కొందరికి చికాకు. కావాలంటే యాప్ రాసేవాళ్ళని అడిగేచోట రాద్దాం.”

రాశారు. బావ టైపు చేస్తుంటే మడతపిల్ల వెనక నిలబడింది. ఆమె అన్న మాటల్లో సగం అతని వేళ్ళ దగ్గరికొచ్చేసరికి మెత్తబడుతున్నాయి. ‘దయచేసి’, ‘వీలుంటే’, ‘పరిశీలించగలరు’.

అన్నాలు తినేలోగానే జవాబొచ్చింది. ఎక్కడివాడో ఏమో. ‘వినేవాళ్ళు ఒకసారి వేలితో నొక్కితే సరిపోతుంది. ఇంతకంటే ముఖ్యమైన పనులున్నాయి. ఇదివరకు ఎవరూ అడగలేదు.’ కింద, ముగిసింది అని గుర్తు.

“చూశావా, అంతే ఉంటుంది,” అన్నాడు బావ. “వాళ్ళకీ జీతాల్లేవు మరదలా. ఊరికే ఇస్తున్నారు. మీవాళ్ళు కూడా కొంచెం అలవాటు చేసుకోవాలి. ఊరికే వచ్చినదానికి విలువ తెలీదు ఎవరికీ.”

మడతపిల్ల కంచం ముందునుంచి లేచింది. మేనేజరు గుమ్మం దగ్గర కిందికి దిగిపోయిన మాటలు, కుళాయి దగ్గర మింగిన మాటలు, గేటు దగ్గరివి, అన్నీ ఒకేసారి పైకొచ్చాయి.

“ఊరికే వచ్చిందా బావా? పిన్ని పని పోయింది. దానికంటే ఖరీదేం ఉంటుంది?”

అక్క చేతిలో గరిటె అలాగే ఆగింది. చెల్లెలు అంత గొంతుతో మాట్లాడ్డం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

“వేలితో నొక్కితే చాలంట. ఏ వేలితో? కాలినదానితోనా? ఆ కంపెనీ వాడు మనల్ని మనుషుల్లా చూడడు, సరే. కానీ మా చేతులు ఖాళీగా ఉండవని వాడికి తెలుసు. తెలిసి వాడుకుంటున్నాడు. నీవాళ్ళు మంచివాళ్ళు. మంచివాళ్ళకి మాత్రం తెలీదు. ఇదివరకు ఎవరూ అడగలేదంట. అడిగే తీరికున్నవాళ్ళే అడిగారు మరి. మేనేజరు కూడా ఇదే అంటాడు, చూసుకోవడం మీ పని అని. ఇద్దరికీ తేడా ఏంటో నువ్వే చెప్పు.”

“అలా పోల్చకు,” అన్నాడు బావ. అతని ముఖం ఎర్రబడింది.

“ఎవరైనా మార్చుకోవచ్చన్నావుగా. అదే దీని గొప్పన్నావు.”

“అవును. కానీ…”

“అయితే నువ్వు మార్చు.”

బావ చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయాడు. అక్క గరిటె గిన్నెలో పెట్టి, “అన్నం పూర్తిగా తిని అను, అనేదేదో,” అంది మెల్లగా.

ఆ మర్నాడు సెలవు రోజు. బావ పొద్దుట్నుంచీ గది తలుపు తీయలేదు. మధ్యాహ్నం మడతపిల్లను పిలిచి, కిచెన్లో గిన్నెలు తోమే మందపాటి తొడుగులు తనే చేతులకు తొడుక్కుని, ఫోన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి అలమర మీద ఆనించాడు. అక్క మాట మోగింది. ఆగకుండా మడతపిల్ల మాట మోగింది. దాని తర్వాత మళ్ళీ అక్క గొంతు: “అయ్యా, మీ ప్రయోగం అయితే ఆ తొడుగులతోనే గిన్నెలు కూడా కానివ్వండి.”

“వినని మాటకి చూసినట్టు గుర్తు కూడా పడదిక,” అన్నాడు బావ, ఆమె వైపు చూడకుండా. “మార్చినదాన్ని యాప్ రాసేవాళ్ళకి కూడా పంపించాను. మనవాళ్ళ ఫోన్లలోకి ఇవాళే వచ్చేస్తుంది. ఆ రాసేవాళ్ళు తీసుకుంటే తీసుకుంటారు, లేకపోతే లేదు.” తొడుగులు విప్పుతూ అన్నాడు, “నిజంగానే ఎవరూ అడగలేదు. మేమే ఎవరినీ అడగలేదు.”

బాగైంది. కానీ పిన్ని ఇంట్లోనే ఉంది. బాగైనదాన్ని చూసి సంతోషించడానికి మడతపిల్లకి మనసొప్పలేదు.

*

మేనేజరు తన ఆఫీసు నంబరు నుంచే కొత్త హోటళ్ళకు ప్రకటనలు పంపేవాడు. ఎవరెవరివో నంబర్లు కొని, ఒకే రోజు వందలకొద్దీ పంపాడు. పాత యాప్ కంపెనీ అతని నంబరును మూసేసింది. నిబంధనలకు విరుద్ధమట. ఏ నిబంధనో చెప్పలేదు. ఎవరికి ఫోన్ చేయాలో చెప్పలేదు. మనవి చేసుకునే చోట మనవి చేసుకుంటే, తీసుకున్న నిర్ణయంలో మార్పు లేదని క్షణంలో జవాబొచ్చింది. అది మనిషి రాసింది కూడా కాదు.

“నిబంధనలు ఆయనకీ ఉన్నాయంట. తీసేస్తే ఆయన్నీ తీసేస్తారంట,” అని రేడియో బావ యాప్‌లో వార్తలు చదివింది. తొడుగుల చేతుల మధ్య అందరూ ఆగకుండా విన్నారు.

ఆస్పత్రి బండి వేళ తప్పి వచ్చింది. షిఫ్టు మారిందని చెప్పడానికి మేనేజరుకి గ్రూపు లేదు. అందరినీ లింకు పంపి చేర్చుకున్నాడు తప్ప ఎవరి నంబరూ దాచుకోలేదు. మురికి దుప్పట్ల మూటలు గుమ్మం దాకా పేరుకున్నాయి. హోటలు వైపు వాళ్ళు ఎప్పుడు రావాలో తెలియక గేటు దగ్గర గుంపుగా నిలబడ్డారు. బావ యాప్ ఉన్నవాళ్ళకి మాత్రం బండి సంగతి రేడియో ముందే చెప్పేసింది. “మమ్మల్నీ చేర్చు పిల్లా,” అంటూ ఖాళీ ఇంట్లో కాపురం పెట్టనన్నామే అందరికంటే ముందు ఫోన్ చాపింది. నవ్విన నాపచేనే పండింది.

మేనేజరు మడతల బల్ల దగ్గరికొచ్చాడు. ఆ బల్ల దగ్గరికి ఆయన రావడం అదే మొదటిసారి. 

“మీ గ్రూపులో నన్ను కూడా చేర్చమ్మా. అందరికీ చెప్పాలి. ఆస్పత్రి వాళ్ళు తిడుతున్నారు.”

చేతులు ఆగాయి బల్ల చుట్టూ. “సారే అడుగుతున్నారు, చేర్చు మరి,” అంది ఒక పెద్దావిడ, అలవాటుగా. “గ్రూపు కూడా సారు పేరు మీదికి మార్చు. మర్యాదగా ఉంటుంది.”

మడతపిల్ల చేతిలో దుప్పటి మూలలు కలిపింది. మూల మీద మూల, అంచు మీద అంచు. మడత పూర్తిచేసి దొంతర మీద పెట్టాకే మాట్లాడింది.

“గ్రూపు నాది కాదు సార్. పిన్నిది. పిన్ని గేటు బయట ఉంది.”

అది నిజం. బావ యాప్ అందరి ఫోన్లలో ఎక్కించిన రోజు, మనుషుల్ని చేర్చే, మనుషుల్నీ ఫోటోల్నీ తీసేసే గ్రూపు తాళం ఎవరి దగ్గర ఉండాలని బావ అడిగితే, తీసేస్తే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి దగ్గర ఉండాలని ఆమే చెప్పింది. ఇవాళ ఉదయం గేటు దగ్గరికి రమ్మని పిన్నికి మాట పంపింది. ఆ మాట మోగింది.

మేనేజరు ఆమె ముఖంలోకి చూశాడు. గుమ్మం దగ్గరి మూటల వైపు చూశాడు. తరువాత వాచ్‌మన్‌ని కేకేశాడు.

పిన్ని లోపలికొచ్చి తిన్నగా తన ప్రెస్సు దగ్గరికి వెళ్ళి నిలబడింది. మేనేజరు అక్కడికే వెళ్ళాల్సి వచ్చింది. ఆవిరి చప్పుడులో గొంతు పెంచి, “గైర్హాజర్లు కొట్టేస్తాను. ఇంక చేర్చండి,” అన్నాడు.

“చేరుస్తాను సార్. తాళం మాత్రం ఇవ్వను,” అంది పిన్ని. “బొమ్మలు చదవండి.”

“ఏం బొమ్మలు?”

“మీరు మీరేనా అని తేలాలిగా.”

మడతపిల్ల యాప్ ఎక్కించి ఇచ్చిన ఫోన్‌ని మేనేజరు కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. ఉతికేచోటునుంచి ఆడవాళ్ళు తొడుగుల చేతులు పైకెత్తి నీళ్ళు కారుతుండగా వచ్చి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. 

“తాబేలు,” అన్నాడు.

“తాబేలే. తర్వాత?”

“గుర్రం… తాళం… గొడుగు.”

“సరిపోయింది.”

గ్రూపులోకి రాగానే ఆయన గబగబా ఏదో టైపు చేసి పంపాడు. ఎవరూ కదల్లేదు. “గొంతుతో చెప్పండి సార్,” అంది రేడియో. “మా చేతులు ఖాళీ లేవు.” ఆయన వాళ్ళందరి ముందూ గొంతు సవరించుకున్నాడు.

చెప్పేలోపే మడతపిల్ల ఫోన్ తీసింది. పొద్దున పిన్ని ఫోన్‌లోంచి తెప్పించుకున్న ఫోటో అందులో ఉంది. విరిగిన కమ్మీ, దాని వెనక వేడి పలక, పక్కన పొక్కిన చెయ్యి. గ్రూపులో పెట్టింది.

మేనేజరు ఫోన్ చేతిలో చిన్నగా అదిరింది. ఫోటో తెర నిండా తెరుచుకుంది. ఆయన బొటనవేలు దాని మీద ఆగింది. గట్టిగా నొక్కి పట్టుకుంది. పక్కకీ కిందికీ జరుపుతూ, ఎప్పుడూ ఉండే చోట తీసేసే గుర్తు కోసం వెతికింది. మడతపిల్ల ఆ వేలినే చూస్తూ నిలబడింది. అలసిపోయేదాకా వెతకనిచ్చింది.